చర్చికి గోపురం కాదు, ముందు బాత్రూంలు కట్టండి

"మా చర్చి పాతబడింది, కొంత డబ్బు పోగైంది. సంఘానికీ, వాడకట్టుకూ పనికొచ్చేలా ఏం మార్చాలి?" అని అడిగారు. మాది హనుమకొండ, చర్చి కమిటీలో ఉన్నాను. నా మాట వింటే గోపురం జోలికి పోకండి. ముందు బాత్రూంలు, ర్యాంపు, మంచినీళ్లు.

2023 జులైలో భద్రకాళి చెరువుకు గండి పడిన వానలు గుర్తున్నాయి కదా! మా వాడకట్టులో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. చర్చి అరుగు ఎత్తు కాబట్టి చీకటి పడకముందే జనం అక్కడికి చేరారు. మా సంఘం వాళ్లకంటే బయటివాళ్లే ఎక్కువ. బెంచీలు గోడకు జరిపి చాపలు పరిచాం. మసీదు సందులో ఉండే ఒక భాయ్ గంజు నిండా బగారన్నం మోసుకొచ్చాడు. తిండికి లోటు లేదు. కానీ ఉన్నది ఒకటే బాత్రూం, అదీ వెనక దొడ్లో నీళ్లలో మునిగిపోయింది. నెలలు నిండిన ఒకమ్మాయి ఆ రాత్రి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు, మళ్లీ బయటికి పోవాల్సి వస్తుందని. పెద్ద వయసు ఆడవాళ్లు తెల్లవారేదాకా బిగబట్టుకుని కూర్చున్నారు.

వానలు తగ్గాక మీటింగ్ పెట్టారు. గంట గోపురానికి ప్లాన్ అప్పటికే గీయించి ఉంది. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేచి, "గోపురమెక్కి కూసుంటమా బిడ్డా? ముందుగాల ఆడోళ్లకు బాత్రూంలు కట్టుండ్రి" అన్నది. పాస్టర్ అయ్యగారితో సహా ఎవరూ మారు మాట్లాడలేదు.

అందమైన చర్చి వద్దని నేననను. డోర్నకల్ వెళ్లి చూడండి. అజరయ్య బిషప్ కట్టించిన ఆ చర్చిని 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే గుడి గుర్తొస్తాయి. 1924లో పూర్తయిన మెదక్ చర్చి అయితే కరువులో జనానికి పని, తిండి దొరకాలని మొదలుపెట్టింది. అలా చుట్టూ ఉన్నవాళ్లను చూసి కట్టాలి. ఇప్పుడేమో దాతల పేర్ల గ్రానైట్ పలకలకూ, వీధంతా దద్దరిల్లే సౌండ్ బాక్సులకూ కానుకల డబ్బు పోతోంది. పక్కింట్లో పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారని ఎవరికీ పట్టదు. నాకు మహా కోపం వస్తుంది.

ఇంకొకటి. పెంకులు తీసి రేకులు వేయిద్దామని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకండి. మే నెలలో మన ఎండకు రేకుల కింద కూర్చోలేరు, వాన పడితే వాక్యం వినపడదు. పగిలిన పెంకులు మార్చుకుంటే చాలు. పాత సున్నం గోడలకు సిమెంట్ ప్లాస్టరింగ్ కూడా వద్దు. చెమ్మ బయటికి పోలేక గోడ లోపల్లోపలే పాడవుతుంది. సున్నంతోనే చేసే మేస్త్రీని వెతకండి.

కుళాయి ఒకటి ప్రహరీ బయటి వైపుకు పెట్టించండి, గేటుకు తాళం ఉన్నా ఎవరైనా నీళ్లు పట్టుకునేలా. ర్యాంపు పోసేటప్పుడు మాత్రం దగ్గరుండాలి. జాగా లేదని నిటారుగా పోసేస్తారు, దానిమీద వీల్‌చైర్ ఎక్కదు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి, టేపు పెట్టి మీరే కొలవండి.