పాత ఫియట్‌ని కిందకి దించితే కేసవుతుందా?

ప్రశ్న: నాన్నగారి 1968 ఫియట్ 1100 బాగు చేయిస్తున్నానండి. రెండు అంగుళాలు కిందకి దించాలని ఉంది. ముందు స్ప్రింగులు కట్ చేస్తే చాలు, షాకప్స్ (షాక్ అబ్జార్బర్లు) పాతవే ఉంచేద్దాం అంటున్నాడు మెకానిక్. తర్వాత వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెడదామనుకుంటున్నా. చట్టపరంగా ఇబ్బందేమన్నా ఉందా?

జవాబు: ఉందండి, అన్నిటికంటే ముందు ఆ కటింగ్ ఆపించండి.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఏం చెప్తుందంటే, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా ఓనర్ బండిని మార్చకూడదు. ఆర్సీలో బండి ఎత్తు అనే కాలమే లేదు కదా అని చాలామంది వాదిస్తారు, వాదనగా అది పనికొస్తుంది కానీ దాన్నే నమ్ముకుని బండి కోయించొద్దు, ఎందుకంటే 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌కి కఠినమైన అర్థమే చెప్పింది, అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో శిక్షలు చెప్పే సెక్షన్ 182ఎ కూడా వచ్చింది. అనుమతి లేని మార్పు చేస్తే, విడి భాగాలు బిగించడంతో సహా, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్ లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ.

అరిగిపోయిన షాకప్ తీసి అదే కొలతది వేస్తే అది రిపేరు, దానికి భయపడక్కర్లేదు. ఎత్తు తగ్గించడం మాత్రం మార్పే, ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి జవాబు చేతికొచ్చాకే ముందుకెళ్లండి.

చట్టం గురించి అడిగితే షాకప్స్ సంగతి చెప్తున్నానేంటి అనుకోకండి, యాక్సిడెంట్ కేసులో బండిని పరీక్షించేవాళ్లు చూసేది వీటినే. రెండు అంగుళాలు దిగిన బండికి పాత పొడవు షాకప్ ఉంచితే అది బండి నిలబడి ఉన్నప్పుడే మామూలు కంటే ఎక్కువ మూసుకుపోయి ఉంటుంది, గుంతలో పడితే కదలడానికి మిగిలిన కొద్ది దూరం వెంటనే అయిపోయి బంప్ రబ్బరుకి (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) గట్టిగా కొట్టుకుంటుంది, షాకప్ త్వరగా పాడవ్వచ్చు. కట్ చేసిన స్ప్రింగ్ ఇంకా ప్రమాదం, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూర్చునే చోటు నుంచి జారిపోవచ్చు. అనుమతి దొరికితే ఆ ఎత్తుకే తయారైన స్ప్రింగులు వేయించండి, స్ప్రింగ్ తీసేసి చక్రం పూర్తిగా పైకి, పూర్తిగా కిందకి వెళ్లినప్పుడు రెండు బోల్టుల మధ్య కొలత తీయించి ఆ రెండిటికీ సరిపోయే షాకప్ తీసుకోండి. స్ప్రింగ్ గట్టిదైతే అది తిరిగి లేచే వేగాన్ని పట్టి ఆపే శక్తి షాకప్‌కి ఎక్కువ ఉండాలి. వెనక కమాన్ పట్టీలకీ ఇదే లెక్క. ఆ బిల్లులు, ఫొటోలు ఫైల్లో పెట్టుకోండి. తెలిసి తెలిసి కోసిన స్ప్రింగులతో తిప్పి ఎవరికైనా దెబ్బ తగిలితే నిర్లక్ష్యం అని అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే.

ఇన్సూరెన్స్ వాళ్లకీ ముందే లెటర్ పెట్టండి, చెప్పకుండా మార్చారని మీ బండి డ్యామేజీ క్లెయిమ్ కొట్టేసే ఛాన్స్ ఉంది.

ఇక వింటేజ్. నాకు ఎక్కువ బెంగ ఇక్కడే. 2021 రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి ఒరిజినల్ రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. ఆ మాటల్లో సస్పెన్షన్ లేదు నిజమే, కానీ ఒరిజినల్ రూపం అనే మాట ఉంది, ఇన్‌స్పెక్షన్‌లో కిందకి వేలాడుతున్న ఫియట్‌ని చూసి అధికారి అక్కడే ఆపేయొచ్చు. పైగా వింటేజ్ బండ్లకిచ్చే వీఏ నంబర్ వస్తే రోజూ తిప్పడం కుదరదు, ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, మెయింటెనెన్స్ లాంటి వాటికే. నాన్నగారి బండి కాబట్టి నన్నడిగితే వింటేజ్‌నే ఎంచుకోండి, ఎత్తు ముట్టుకోకండి, కంపెనీ కొలతకే మంచి షాకప్స్ వేయించండి, సగం ఊగుడు దాంతోనే పోతుంది.

ఈపాటికే కట్ చేసేసుంటే మాత్రం బండి రోడ్డెక్కించకండి. సరైన కొలత స్ప్రింగులు వేయించాకే ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్లండి.