హెచ్-4 ఈఏడీ వచ్చింది, చదివింది బీకామ్, మధ్యలో గ్యాప్. కమ్యూనిటీ కాలేజీ కౌన్సెలింగ్ వల్ల ఉపయోగం ఉంటుందా?

ఉంటుందండి, కాకపోతే మీరు అనుకుంటున్న రకం ఉపయోగం కాదు. పెళ్ళి, పిల్లలతో గ్యాప్ వచ్చేసింది, ఇప్పుడు హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే పర్మిట్, చేతికొచ్చింది, దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ) ఫ్రీగా కౌన్సెలర్లు ఉంటారంట, ఏ కోర్సుకి స్కోప్ ఉందో చెప్తారా లేక అదంతా 18 ఏళ్ళ పిల్లలకేనా అని అడిగారు కదా. పిల్లలకే కాదు. కాలిఫోర్నియాలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి, నేను వెళ్ళింది శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఈస్ట్ బేలో ఒకటి, మా అకౌంటింగ్ క్లాసులో నా పక్కన కూర్చునే ఆవిడకి మనవలున్నారు. కానీ స్కోప్ ఏది అంటే మాత్రం అక్కడ ఒక్కరూ చెప్పరు.

మనకేమో ఇంటర్ అవ్వగానే మావయ్యో, ఎదురింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయో "ఇది చేసెయ్యి, బాగుంటుంది" అని చెప్పేయడం అలవాటు. ఇక్కడ కెరీర్ కౌన్సెలర్ తిరిగి మనల్నే అడుగుతుంది, ఏ పని చేస్తుంటే నీకు టైమ్ తెలీదు, మనుషులతో మాట్లాడే పని కావాలా ఒక్కదానివే కూర్చునే పని కావాలా, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలవు, పిల్లల్ని స్కూల్ నుంచి ఎవరు తీసుకొస్తారు అని. నాకైతే మొదటిసారి ఒళ్ళు మండింది, ఇవన్నీ తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తానమ్మా అనిపించింది. కానీ ఇంట్లో కూర్చుని వాటికి జవాబులు రాస్తే సగం కోర్సులు వాటంతటవే లిస్టులోంచి పోయాయి. మా ఆయన చెప్పిన డేటా అనలిటిక్స్ ముందు పోయింది, పాపం.

ఒకటి తెలుసుకోండి, అక్కడ రెండు వేరే వేరే చోట్లు ఉంటాయి. అకడమిక్ కౌన్సెలింగ్ వేరు, కెరీర్ సెంటర్ వేరు. ఏ సెమిస్టర్లో ఏ క్లాసు, దేనికి ప్రీరిక్విజిట్ (ముందు పాసవ్వాల్సిన క్లాసు) ఏంటి, సర్టిఫికెట్‌కి ఎన్ని యూనిట్లు (క్రెడిట్లు), ఇదంతా మొదటి వాళ్ళ పని, వాళ్ళు రాసిచ్చే దాన్ని ఎడ్యుకేషన్ ప్లాన్ అంటారు. ఓరియంటేషన్ చేసి ఈ ప్లాన్ రాయించుకుంటే రిజిస్ట్రేషన్ డేట్ ముందుకొస్తుంది, సాయంత్రం క్లాసులు త్వరగా నిండిపోతాయి కాబట్టి మనలాంటి వాళ్ళకి అది చాలా పెద్ద విషయం. ఇంకో సంగతి, ఆగస్టులోనూ జనవరిలోనూ సెమిస్టర్ మొదలయ్యే రోజుల్లో వెళ్ళకండి, లైను బయటిదాకా ఉంటుంది, అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళే డ్రాప్-ఇన్‌లో పది పదిహేను నిమిషాల్లో పంపించేస్తారు. అక్టోబర్లోనో మార్చిలోనో అపాయింట్‌మెంట్ తీసుకుంటే తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడతారు. ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళండి, అడగనిది వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఫీజు సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటా, కాలిఫోర్నియా రెసిడెంట్‌కి యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచి అదే రేటు. మూడు యూనిట్ల క్లాసు 138, పైన హెల్త్ ఫీజు లాంటి చిల్లర ఖర్చులు. రెసిడెంట్ కాకపోతే యూనిట్‌కే వందల్లో ఉంటుంది. హెచ్-4 వాళ్ళు కూడా రెసిడెంట్ అవ్వొచ్చు, సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజుకి రాష్ట్రంలో ఒక సంవత్సరం మీద ఒక రోజు ఉండి, ఇక్కడే ఉంటామని చూపించే కాగితాలు ఉండాలి, అంటే డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ట్యాక్స్ రిటర్న్ లాంటివి. అప్లికేషన్లో వీసా టైప్ చూసి సిస్టమ్ మిమ్మల్ని నాన్-రెసిడెంట్ అని చూపించినా కంగారు పడకుండా అడ్మిషన్స్ ఆఫీసుకి కాగితాలు పట్టుకెళ్ళండి.

ఇక కెరీర్ సెంటర్. నిజంగా డబ్బు ఖర్చు పెట్టి కొనుక్కోవాల్సినవి అక్కడ ఊరికే ఇస్తారు, కానీ ఎంతమంది వాడుకుంటారో నాకు డౌటే, నేను వెళ్ళినప్పుడల్లా ఖాళీ కుర్చీలే. స్ట్రాంగ్ ఇంటరెస్ట్ ఇన్వెంటరీ అని ఒక టెస్ట్ పెడతారు, జాన్ హాలండ్ అనే సైకాలజిస్ట్ చెప్పిన ఆరు రకాల మీద నడుస్తుంది, నాకు కన్వెన్షనల్, సోషల్ అని వచ్చింది, అంటే లెక్కలు పద్ధతిగా ఉండాలి, పక్కన మనుషులుండాలి. మా అమ్మని అడిగినా అదే చెప్పేది. అయితే దాని తర్వాత కౌన్సెలర్ ఓ-నెట్ అని లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ సైట్ తెరిచి ఒక్కో ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారు, ఏం చదివుండాలి అన్నీ పక్కన కూర్చుని చూపించింది, ఆ గంట మాత్రం వృథా కాలేదు. బుక్‌కీపింగ్, పేరోల్, ట్యాక్స్ ప్రిపరేషన్ అని విడివిడిగా ఉంటాయని, ఎన్‌రోల్డ్ ఏజెంట్ (ఐఆర్ఎస్, అంటే ఇక్కడి ట్యాక్స్ డిపార్ట్‌మెంట్, ముందు క్లయింట్ల తరఫున మాట్లాడే లైసెన్స్ ఉన్నవాళ్ళు) అవ్వడానికి డిగ్రీ అక్కర్లేదని, ఐఆర్ఎస్ పెట్టే మూడు పరీక్షలు పాసై వాళ్ళ ట్యాక్స్ చెక్ దాటితే చాలని నాకు అక్కడే తెలిసింది.

రెజ్యూమె దగ్గర నవ్వుకున్నాం. నేను తీసుకెళ్ళిన దాంట్లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, మ్యారిటల్ స్టేటస్, ఫోటో, కింద డిక్లరేషన్ అన్నీ ఉన్నాయి, మన దగ్గర అలాగే కదా రాస్తాం. కౌన్సెలర్ అన్నీ తీసేయించి ఒక్క పేజీ చేసింది. గ్యాప్‌కి పెద్ద కథ చెప్పక్కర్లేదు, ఒక్క లైన్ చాలంది, ఆ టైమ్‌లో మా కాంప్లెక్స్‌లో తెలుగు బడికి ఫీజుల లెక్కలు చూశానని మాటల్లో చెప్తే దాన్ని తీసుకెళ్ళి పైన పెట్టింది. మాక్ ఇంటర్వ్యూలో నేను ప్రతిదానికీ "మేం చేశాం, మేం చూసుకున్నాం" అంటుంటే ఆపి, ఇంతకీ నువ్వేం చేశావు అని అడిగింది. ఇలాంటివి ఇంట్లో వాళ్ళెవరూ చెప్పరండి. ఇక్కడే ఒక మాట, మీకు కన్సల్టెన్సీల నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి, ట్రైనింగ్ మేమిస్తాం, ఐదేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ మేమే పెడతాం, ఎనిమిది పేజీల రెజ్యూమె మేమే చేస్తాం అని. లేని ఎక్స్‌పీరియెన్స్ పెట్టి ఉద్యోగం తెచ్చుకుంటే రేపు గ్రీన్ కార్డ్ దగ్గర అది మన మెడకే చుట్టుకుంటుంది, నా అభిప్రాయం అడిగితే వాళ్ళ ఫోన్ ఎత్తకండి.

కౌన్సెలర్లని ఒక్క విషయంలో మాత్రం నమ్మొద్దు, ఇమిగ్రేషన్. ఒకాయన నాతో చదువుకోవాలంటే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి అని ఖాయంగా చెప్పాడు. అక్కర్లేదు, హెచ్-4 మీద ఫుల్‌టైమ్ అయినా పార్ట్‌టైమ్ అయినా చదువుకోవచ్చు. ఆయన తప్పని కాదు, ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువ ఎఫ్-1 పిల్లలే, వాళ్ళ రూల్స్ మనకి చెప్పేశాడంతే. క్యాంపస్‌లో స్టూడెంట్ అసిస్టెంట్ ఉద్యోగాలుంటాయి, ఈఏడీ ఉంది కాబట్టి మీరు చెయ్యొచ్చు, లేనివాళ్ళు చెయ్యకూడదు. డేట్ మాత్రం చూసుకుంటూ ఉండండి, 2025 అక్టోబర్ 30 నుంచి వేసే ఈఏడీ రెన్యూవల్స్‌కి మనలాంటి వాళ్ళకి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు, కొత్త కార్డు వచ్చేదాకా ఉద్యోగం ఆపాల్సి రావచ్చు, కానీ చదువు ఆపక్కర్లేదు. అందుకే నేను ప్లాన్ రాయించుకున్నప్పుడు బరువైన క్లాసులు కార్డు ఎక్స్‌పైర్ అయ్యే సెమిస్టర్లో పెట్టించుకున్నా, కౌన్సెలర్‌కి విచిత్రంగా అనిపించింది గానీ రాసిచ్చింది.

అకౌంటింగ్ వైపే వెళ్ళేట్టయితే వీటా గురించి అడగండి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఫ్రీగా ట్యాక్స్‌లు ఫైల్ చేసిపెట్టే ఐఆర్ఎస్ ప్రోగ్రామ్ అది, చాలా కాలేజీల్లో జనవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా నడుస్తుంది. వాళ్ళే నేర్పిస్తారు, ఆన్‌లైన్‌లో సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి, తర్వాత ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, ట్యాక్స్ ఫారం) చూస్తూ రిటర్న్ చెయ్యాలి. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో సగం టైమ్ దాని గురించే అడిగారు, బీకామ్ గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

ట్రాన్స్‌ఫర్ సెంటర్ అని ఇంకోటి కనిపిస్తుంది, డిగ్రీ ఉంది కాబట్టి మీకు పెద్దగా పనిలేదు. పిల్లలు పెద్దయ్యాక చూసుకోండి, ఇక్కడ రెండేళ్ళు చదివి కండిషన్లన్నీ సరిపోతే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లో డేవిస్, అర్వైన్ లాంటి ఆరు క్యాంపస్‌లు సీటు గ్యారంటీ ఇస్తాయి, బర్క్లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో మాత్రం ఇవ్వవు.

ఇప్పుడు మీరు ముందు చెయ్యాల్సింది ఇండియా నుంచి ట్రాన్స్‌క్రిప్ట్స్ తెప్పించుకోవడం. బీకామ్‌లో చదివిన అకౌంటింగ్‌ని ప్రీరిక్విజిట్ కింద ఒప్పుకోవాలంటే ఎవాల్యుయేషన్ రిపోర్ట్ (మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పే రిపోర్ట్) అడుగుతారు, ఏ ఏజెన్సీ రిపోర్ట్ తీసుకుంటారో మీ కాలేజీలో కనుక్కున్నాకే డబ్బు కట్టండి, మన మూడేళ్ళ డిగ్రీని అందరూ ఒకేలా లెక్కెయ్యరు. యూనివర్సిటీ సీల్డ్ కవర్‌కి టైమ్ పడుతుంది కాబట్టి ఊళ్ళో తమ్ముడో మరిదో ఎవరుంటే వాళ్ళకి ఈ వారమే పురమాయించండి, మార్క్స్ మెమోలు, ప్రొవిజనల్ స్కాన్ చేసి పంపండి. మీది ఏ కాలేజీయో చెప్తే అక్కడ సాయంత్రం క్లాసులున్నాయో లేదో నేనూ చూసి చెప్తా.