స్విట్జర్లాండ్‌లో చిన్న పల్లెటూళ్లో ఉండటం నిజంగా ఫొటోల్లో కనిపించినంత హాయిగా ఉంటుందా?

మా ఆయన ఉద్యోగం వల్ల ఆ దేశపు తూర్పు కొసన గువార్దా అనే ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాం. 1650 మీటర్ల ఎత్తున, కొండ వాలు మీద ఉంటుంది. జనం రెండొందలు కూడా ఉండరు. రైల్వే స్టేషన్ కింద లోయలో. అక్కణ్ణుంచి పసుపు రంగు పోస్ట్ బస్సు పట్టుకోవాలి, అది తప్పితే కొండెక్కుతూ నడకే. కూరలైనా, డాక్టరైనా ఆ బస్సు టైము చూసుకునే.

మీరు ఫొటోల్లో చూసే గోడల మీద డిజైన్లు పెయింటింగ్ అనుకున్నాను నేను. కాదు. బూడిద రంగు గచ్చు మీద తెల్ల సున్నం పూసి, అది పచ్చిగా ఉండగానే గీకుతారు. కింది రంగు ముగ్గులా తేలుతుంది. దాన్ని స్గ్రాఫిటో అంటారు. నాకు మాత్రం వీధి తలుపులు నచ్చాయి. మనుషులకి అంత పెద్ద తలుపులు ఎందుకా అనుకునేదాన్ని. పూర్వం గడ్డి బండి వీధిలోంచి ఇంట్లోకే వచ్చి, నడవా గుండా వెనక కొట్టంలోకి పోయేదట! మా తాతగారింట్లో గేదెల్ని దాటుకునే వంటింట్లోకి వెళ్లేవాళ్లం కాబట్టి నాకేం వింతగా అనిపించలేదు.

అక్కడి వాళ్ల భాష రొమాన్ష్. 1938లో దేశమంతా ఓటు వేసి దాన్ని జాతీయ భాష చేసుకున్నారు గానీ, మాట్లాడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. దారిలో ఎవరు ఎదురైనా ‘అల్లేగ్రా’ అని పలకరించాలి. నేను సిగ్గుపడి మొదటి నెలంతా తల దించుకుని పోయాను. పొగరు అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం ఖాళీ సీసాలు తీసుకెళ్లి, వాడేసిన సీసాలు వేసే వీధి డబ్బాలో వేశాను. మూడో సీసా భళ్లుమనేసరికి ఎదురింటి పెద్దావిడ కిటికీ తెరిచింది. ఏమీ అనలేదు, చర్చి వైపు చూపించింది. ఆదివారం చప్పుడు చేయకూడదు. మిగతా సీసాలు అలాగే ఇంటికి మోసుకొచ్చాను. సోమవారం మళ్లీ వెళ్తే, అదే కిటికీలోంచి తనే ముందు ‘అల్లేగ్రా’ అంది.

కష్టమల్లా నవంబరులో. టూరిస్టులు ఉండరు, ఇంకా మంచూ సరిగ్గా పడదు. సెలవులకి మాత్రమే వచ్చేవాళ్ల ఇళ్లన్నీ మూసేసి ఉంటాయి. ఏ ఊళ్లోనైనా మొత్తం ఇళ్లలో ఇలాంటివి 20 శాతం దాటితే కొత్తవి కట్టకూడదని 2012లో దేశమంతా ఓటేసింది. ఉన్నవి మాత్రం ఉన్నాయిగా. రాకపోకలు మాత్రం మునుపటికన్నా నయమే: 1999లో కొండ కింద వెరైనా రైలు సొరంగం వచ్చాక జ్యూరిక్ వైపు చుట్టు తిరిగి వెళ్లే బాధ తప్పిందని ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మార్చి 1న పిల్లలు ఆవుల మెడగంటలు తగిలించుకుని, చలికాలాన్ని తరిమేస్తూ ఊళ్లో ఫౌంటెన్ల చుట్టూ తిరుగుతారు. చలందమార్జ్ అంటారు. ఆ రోజు చెవులు గింగురుమంటాయి, ఎవరూ కిటికీ తెరిచి చర్చి వైపు చూపించరు.

ఇక మీ సంగతి. పిల్లలతో వెళ్తుంటే ధైర్యంగా వెళ్లండి. ఒంటరిగా అయితే ఇల్లు ఖాయం చేసుకునే ముందు నవంబరులో రెండు వారాలు ఉండి చూడండి.