గుర్రం నెమరు వేస్తుందా? మేత, దాణా ఒకటేనా?

సందేహం: మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్. మాళేగావ్ ఖండోబా జాతరలో గుర్రాలు కొనే మనవాళ్ల కోసం ఒక మరాఠీ కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. అందులోని ‘పచన’కు ‘నెమరు’ అనీ, ‘చారా’కు ‘దాణా’ అనీ రాశాను. ‘400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల దాణా’ అన్న వాక్యం చూసి ఇంట్లో పెద్దలు తప్పంటున్నారు. ఉడికిన ఉలవల్ని గుగ్గిళ్లనాలా, గుడాలనాలా?

సమాధానం: మీ పెద్దల మాటే నిజం. కరపత్రం అచ్చుకు వెళ్లకముందే దిద్దండి. ఆ వాక్యాన్ని నమ్మి పెడితే గుర్రం ప్రాణానికే ముప్పు.

మరాఠీలో ‘దాణా’ అన్నా గింజే. శేంగదాణా అంటే వేరుశనగ గింజ అని మీకు తెలిసిందే కదా. ‘చారా’ మాత్రం మేత: గడ్డి, చొప్ప. బీడులో మేసొచ్చిందంటే గడ్డి తిన్నదని, దాణా పెట్టామంటే తోబ్రా అనే సంచిలో ఉలవలో శనగలో పోసి మూతికి కట్టామని మన ఊళ్లలో పిల్లలకు కూడా అర్థమవుతుంది. మీ కరపత్రంలోని 6–8 కిలోలు ఎండుమేత లెక్క. అంత బరువు గింజలు పోస్తే ఆ జీవి తట్టుకోలేదు.

నెమరు ఆవుకు, గేదెకు, మేకకు ఉంది. అవి మింగిన మేతను మళ్లీ నోటికి తెచ్చుకుని నములుతాయి. గుర్రానిది ఒకటే కడుపు, అదీ చిన్నది. 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. ఒకసారి మింగితే అంతే, తిరిగి నోటికి రాదు. వాంతి కూడా చేసుకోలేదు. గడ్డిలోని పీచు చిన్నపేగు దాటాక ఉండే పెద్ద సంచిలోనూ పెద్దపేగులోనూ సూక్ష్మజీవుల వల్ల పులిసి అరుగుతుంది. గింజలు ఎక్కువైతే సగం అరిగీ అరగక అక్కడికే చేరి, ఆమ్లం పెరిగి, గాలి పట్టి, కడుపునొప్పితో గుర్రం నేలమీద పడి దొర్లుతుంది. గిట్టల లోపల వాపు వచ్చి కుంటుతుంది కూడా. కాబట్టి ‘పచన’కు ‘అరుగుదల’ అనండి. గుర్రానికి అరుగుదల ఉంది, నెమరు లేదు.

మీ వైపు గుడాలంటారు, గుడాలనే అచ్చువేయండి. చదివేది మీవాళ్లే.

వాక్యాన్ని ఇలా మార్చండి: ‘400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుమేత వేయాలి. మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. పని చేసే గుర్రానికి దాణా ఒక్కసారే పోయక, కొద్దికొద్దిగా రెండు మూడు పూటలు పెట్టాలి. కొత్త మేతకు మార్చాలంటే వారం పది రోజులు పట్టనివ్వాలి.’