గుణం మారుతుందా అని అడిగిన నీకు

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఎంతో నిజాయితీ గల మనిషని నమ్మిన స్నేహితురాలు డబ్బు దగ్గర నీకు అబద్ధం చెప్పింది, ఇక ఎవరి గుణాన్ని నమ్మాలి అన్నది ఒకటి. ఇంట్లో పిల్లల మీద కోపం ఆగడం లేదు, ఈ వయసులో స్వభావం మారుతుందా అన్నది రెండోది. విడివిడిగా అడిగావు గానీ రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. మంచి గుణం ఉన్న మనిషికి అది అన్నిచోట్లా ఉంటుంది, ఒకచోట లేదంటే ఎక్కడా లేనట్టే అనుకుంటున్నావు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మనవాళ్ళు అనేదీ ఇలాంటి నమ్మకంతోనే. ఇంతకాలం మనుషుల్ని చూశాక నేను ఆ మాట ఒప్పుకోలేను.

1920లలో అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే పరిశోధకులు వేలమంది బడిపిల్లల నిజాయితీని పరీక్షించారు. కాపీ కొట్టే వీలు ఒకచోట, చిల్లర డబ్బులు తీసుకునే వీలు ఒకచోట కల్పించి ఎవరేం చేస్తారో గమనించారు. ఒక పరిస్థితిలో మోసం చేసిన పిల్లవాడు వేరే పరిస్థితిలోనూ చేస్తాడని చెప్పడం కష్టమని 1928లో తేల్చారు. అన్నిచోట్లా నిజాయితీగా ఉన్నవాళ్ళు తక్కువే, అన్నిచోట్లా మోసం చేసినవాళ్ళూ తక్కువే. అదే తరహా పరిస్థితి మళ్ళీ వస్తే మాత్రం పిల్లలు చాలావరకు ముందు చేసినట్టే చేశారు. అంటే గుణం అనేది లేకపోలేదు. మనం పెట్టే పేర్లు మరీ పెద్దవి, అంతే.

కాబట్టి స్నేహితురాలికి ‘మోసగత్తె’ అని పేరు పెట్టకు. ‘డబ్బుకు ఇబ్బందిపడితే తను నిజం దాస్తుంది’ అనుకో. నీకు నిజంగా తెలిసింది అంతవరకే. నీకు ఒంట్లో బాగాలేనప్పుడు రాత్రంతా పక్కన కూర్చుందని రాశావు. అదీ నిజమే, ఈ అబద్ధంతో అది చెరిగిపోదు. ఇకమీదట తనకు అప్పు ఇవ్వకు. మనసులో మాట చెప్పుకోవడం మానొద్దు.

ఇక నీ కోపం సంగతి. దీని గురించి ఎక్కువ రాయాలనుంది, ఎందుకంటే నిన్ను నువ్వు బాగా తిట్టుకున్నావు.

ఎప్పుడెప్పుడు కోపం వచ్చిందో నీ ఉత్తరంలోనే ఉంది, మళ్ళీ చదువుకో. పొద్దున్న బయల్దేరే హడావిడిలో, రాత్రి పని మిగిలిపోయిందన్న టెన్షన్‌లో. తీరిగ్గా ఉన్నప్పుడు అరిచినట్టు ఒక్కటీ రాయలేదు. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రిన్‌స్టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థులతో చేసిన ప్రయోగం ఒకటుంది. పక్క భవనంలో ప్రసంగం ఇవ్వాలని ఒక్కొక్కరినీ పంపారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి మూలుగుతూ ఉంటాడు. ఇంకా టైముందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం మంది అతనికి ఏదో ఒక సాయం చేశారు. ఇప్పటికే ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్ళలో 10 శాతమే. కొందరికి ప్రసంగానికి ఇచ్చిన విషయం, దారిలో పడివున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని బైబిల్ కథ. అదీ పెద్దగా తేడా తేలేదు. వాళ్ళు దయ లేనివాళ్ళని నేను అనను. ఆ కాసేపట్లో దయకు చోటు లేకుండా పోయింది.

అందుకే చెబుతున్నాను, పొద్దున్న అరగంట ముందు లేవడం నీ విషయంలో సహనం నేర్చుకోవడమే. మనసును అదుపులో పెట్టుకుంటానని ఒట్లు పెట్టుకునే బదులు ఆ అరగంట సంపాదించుకో. అలాగని తొందరను సాకుగా చెప్పకు. హడావిడి పడితే నోరు జారుతావని ఇప్పుడు తెలిసింది కాబట్టి, హడావిడి రాకుండా చూసుకునే బాధ్యత కూడా నీదే.

కోపాన్ని పూర్తిగా చంపేయాలని రాశావు. అది వద్దు. ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కోపాన్నే తప్పనలేదు. కోపం రావాల్సిన చోట రాకపోవడం కూడా లోపమేనన్నాడు. ఎవరి మీద, దేనికి, ఎంతసేపు అన్నదే చూడమన్నాడు. ఆ లెక్కన నీ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టి చూడు తల్లీ. ఏ తప్పూ చేయని పిల్లల మీద అరుస్తున్నావు. అబద్ధం చెప్పిన స్నేహితురాలి ముందు ఇంతవరకూ నోరు విప్పలేదు. ఆమెను నొప్పించడం ఇష్టంలేక ఊరుకున్నానని, అది దయ అని రాశావు. నాకు అది దయలా కనిపించలేదు, గొడవంటే భయంలా కనిపించింది. దయ గల మనిషి అవసరమైతే కష్టమైన మాట కూడా చెప్పగలదు. ఇంకో సంగతి కూడా తెలుస్తోంది. ఆమె దగ్గర ఆపుకోగలిగావంటే కోపం ఆపుకోవడం నీకు చేతనవును. తిరిగి ఏమీ అనలేనివాళ్ళ దగ్గర ఆపుకోవడం లేదు.

ఇది చదివి నొచ్చుకుంటావని తెలుసు. అయినా నువ్వు మారగలవని నేను నమ్మేది సరిగ్గా ఇందుకే.

ఒకవైపు వంగిన కర్రను సరిచేయాలంటే రెండోవైపు వంచాలని కూడా అరిస్టాటిలే అన్నాడు. నువ్వు ఇంట్లో అవసరమనిపించిన దానికన్నా ఎక్కువ మెత్తగా ఉండు, బయట అలవాటైన దానికన్నా కొంచెం గట్టిగా ఉండు. మొదట్లో నటిస్తున్నట్టే ఉంటుంది. దాన్ని కపటమనుకుని మానేయకు. సహనం మనసులో పుట్టాక సహనంగా మాట్లాడదామని కూర్చుంటే ఆ రోజు రాదు. ముందు గొంతు తగ్గించు, మనసు ఆలస్యంగానైనా దారికొస్తుంది.

గుణాలన్నీ ఒకేసారి పట్టుకోకు. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 గుణాల జాబితా రాసుకుని, వారానికొక దాని మీద దృష్టిపెట్టి, తప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్ల చుక్క పెట్టుకునేవాడు. వస్తువులు, పనులు ఒక పద్ధతిలో ఉంచుకోవడం మాత్రం తనకు చివరిదాకా సరిగా రాలేదని ఆయనే రాసుకున్నాడు. చుక్కల పద్ధతి బాగుంది. వారం మాత్రం చాలదని నా అభిప్రాయం. నువ్వు ఈ ఏడాదంతా సహనం ఒక్కటే పెట్టుకో.

ఈ ఆదివారం స్నేహితురాలిని కలువు. ఫోన్‌లో వద్దు. ‘నువ్వు చెప్పింది నిజం కాదని నాకు తెలిసింది, చాలా బాధపడ్డాను’ అని నేరుగా చెప్పి, తను మాట్లాడేదాకా ఆగు. పాత సంగతులు తవ్వకు. డబ్బు ఎప్పటికి ఇవ్వగలదో అడుగు. తను ఏమందో నాకు రాయి.

నీ పెదనాన్న