బుజ్జమ్మా, చెన్నై వచ్చేముందు ఒక మాట

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఏఐ ఇంజినీరింగ్ చదువుతానంటున్నావట, అదీ చెన్నై వచ్చి చదువుతానంటున్నావట. చెప్తూ చెప్తూనే ఏడ్చేసింది. నేను ఇక్కడ ఉండగా నీకెందుకమ్మా బెంగ అని సర్దిచెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. మా అక్క, అదే మీ అమ్మమ్మ, అయిదో తరగతితో చదువు ఆపేసి నా ఫీజులకోసం గాజులు తాకట్టు పెట్టిన మనిషి. ఆమె మనవరాలు ఈ చదువుకి వస్తానంటోంది. పొద్దున్నే విల్లివాక్కం మార్కెట్‌లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

ముందు మామూలు సంగతులు. అప్లికేషన్ల తేదీలు క్యాలెండర్ మీద రాసి వంటింట్లో తగిలించు. సర్టిఫికెట్లు మూడేసి జిరాక్సులు తీయించు. ఏ ప్రైవేటు కాలేజీకైనా ఏఐసీటీఈ, అంటే ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే సంస్థ, అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో నువ్వే చూడు, ఏజెంటు మాట నమ్మకు. గిండీ కాలేజీ మీద ఆశ ఉంటే, తమిళనాడు కౌన్సెలింగ్‌లో నేటివిటీ, అంటే స్థానికత, నిబంధన ముందే చదువుకో, మనం నెల్లూరువాళ్లం కదా. ఐఐటీ మద్రాసులో ఏఐ అండ్ డేటా అనలిటిక్స్ అని బీటెక్ 2024లో మొదలుపెట్టారు. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ అసలు దారి. అది రాకపోతే ప్రపంచం మునిగిపోదు. అదే ఐఐటీ 2020 నుంచి డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ నడుపుతోంది. దానికి జేఈఈ అక్కర్లేదు, వాళ్లే నాలుగు వారాలు పాఠాలు చెప్పి క్వాలిఫయర్ అని అర్హత పరీక్ష పెడతారు. వేరే కాలేజీలో ఇంజినీరింగ్ చేస్తూ కూడా చదవొచ్చు.

బ్రాంచి పేరు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ అమ్మ ‘ఏఐ అని రాసి ఉన్న సీటే కావాలంటోంది మామయ్యా’ అంది. అలా పట్టుబట్టకు తల్లీ. రాజ్ రెడ్డిగారు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1958లో ఇదే గిండీ కాలేజీ నుంచి బయటికొచ్చారు. ఏం చదివి? సివిల్ ఇంజినీరింగ్. తర్వాత అమెరికా వెళ్లి, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు. కంప్యూటర్‌కి మనిషి మాట వినడం నేర్పించే పనిలో జీవితం గడిపి 1994లో ట్యూరింగ్ అవార్డు, కంప్యూటర్లవాళ్లకి నోబెల్ లాంటిది, అందుకున్నారు. కాబట్టి సీటు మీద ఏం రాసుందని కాదు, అక్కడ లెక్కలు ఎవరు చెప్తారు, ల్యాబ్‌లో సెకండియర్ పిల్లల్ని చెయ్యి పెట్టనిస్తారా, అది కనుక్కో. గేటు దగ్గర నిలబడి సీనియర్లను అడిగితే పావుగంటలో తెలిసిపోతుంది. నేను తోడొస్తాను.

లెక్కలు వదలకు. మ్యాట్రిసెస్, డెరివేటివ్స్, ప్రాబబిలిటీ, ఈ మూడూ నీ ఇంటర్ పుస్తకాల్లోనే ఉన్నాయి. పరీక్ష అయిపోగానే ఆ పుస్తకాలు పాత పేపర్లవాడికి వేశావంటే ఊరుకోను. యంత్రం నేర్చుకోవడమంటే తన జవాబుకీ అసలు జవాబుకీ తేడా చూసుకుని, ఆ తేడా తగ్గేలా లోపలున్న అంకెల్ని కొంచెం కొంచెం జరుపుకోవడం. ఏ అంకెను ఎటు జరపాలో చెప్పేది డెరివేటివే. ఈ పద్ధతిని అందరికీ తెలిసేలా చేసిన వ్యాసం 1986లో వచ్చింది. రాసిన ముగ్గురిలో ఒకరైన జెఫ్రీ హింటన్‌కి 2024లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. నువ్వు లోపల మూడు అంకెలే ఉన్న చిన్న నెట్‌వర్క్, అంటే అలా నేర్చుకునే లెక్క, తీసుకుని, కాగితం మీద పెన్నుతో, పదిసార్లు ఆ జరపడం చేసి చూడు. హోంవర్క్ అంతా చాట్‌జీపీటీతో రాయిస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. మిగతావి నీ ఇష్టం, ఇది మాత్రం నీ చేత్తో చెయ్. చేసి ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1988లో నేను అంబత్తూరులో ఒక ఫౌండ్రీలో పనిచేసేవాణ్ణి. ఇసుకతో అచ్చులు కట్టి, అందులో కరిగిన ఇనుము పోసి పంపుల బాడీలు తయారుచేసేవాళ్లం. ఎన్ని పోసినా కొన్ని పాడైపోయేవి. ఆ ఏడాదే ఆఫీసుకి ఒక కంప్యూటర్ వచ్చింది, పచ్చ అక్షరాల స్క్రీన్‌ది. దాన్ని ముట్టుకోవడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉన్న రిజిస్టర్లు ముందేసుకుని, ఇనుము వేడి ఎంత, పోయడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఇసుకలో చెమ్మ ఎంత, చివరికి ఆ పోత మంచిదయిందా పాడయిందా, అన్నీ రాత్రిళ్లు కూర్చుని ఎక్కించాను. ఏ పోత పాడవుతుందో ముందే చెప్పే ప్రోగ్రాం బేసిక్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. అవే రిజిస్టర్ల మీద పెట్టి చూస్తే నూటికి తొంభై పైన సరిగ్గా చెప్పింది. మేనేజర్ నా భుజం తట్టాడు. నాకు 27 ఏళ్లు. ఆ రోజు నేల మీద నడిచానో లేదో కూడా గుర్తు లేదు.

ఇందులో రెండు తప్పులున్నాయి, చూశావా? ఏ లెక్కలు చూపించి నేర్పానో ఆ లెక్కలే పరీక్షలో ఇచ్చాను. పేపరు ముందే చేతికిచ్చి మార్కులు చూసి మురిసిపోయినట్టు. రెండోది ఇంకా లోతుది. ఫిబ్రవరి నుంచి మే దాకా చెన్నైలో వాన పెద్దగా ఉండదు. ఆ నాలుగు నెలలూ ఇసుకలో చెమ్మ ఇంచుమించు ఒకేలా ఉంది. మారనిదాని ప్రభావం లెక్కకి ఎలా తెలుస్తుంది? నా ప్రోగ్రాం చెమ్మకి దాదాపు సున్నా విలువ ఇచ్చింది. అయితే చెమ్మతో పనిలేదన్నమాట, అనుకుని ఆ అంకెను తీసేశాను కూడా.

ఇక్కడ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. నవంబరులో మూడు రోజులు వదలకుండా కురిసింది. ఇసుక షెడ్డు కప్పు కారుతోంది. మధ్యాహ్నం అచ్చులు కట్టించే మేస్త్రి నా గదిలోకొచ్చాడు. తిరుత్తణి వైపు తెలుగాయన, యాభై దాటినవాడు, నా గదిలోకి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పిడికిలి ముందుకు చాచి తెరిచాడు. అరచేతిలో ఇసుక ఉండ, దాని మీద నాలుగు వేళ్ల అచ్చులు. రెండు ముక్కలు చేశాడు. మంచి ఇసుకైతే అంచులు చురుగ్గా విరుగుతాయి, చేతికి ఏమీ అంటదు. ఇది సాగినట్టు విడిపోయింది. అరచెయ్యంతా నల్లగా పూసుకుపోయింది. ‘సారూ, ఇసుక చెమ్మ పట్టుండాది, ఈ పూట పోత వద్దు’ అన్నాడు.

నేను స్క్రీన్ చూపించాను. ‘లెక్క బాగుందనే చెప్తోంది మేస్త్రీ’ అన్నాను. ఆయన స్క్రీన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

పోత పోశారు. పైకి అన్నీ నున్నగానే ఉన్నాయి. చెమ్మ ఎక్కువైతే ఇనుము వేడికి నీరు ఆవిరై లోపలే చిక్కుకుంటుంది. చర్మం కింద బొక్కలు పడతాయి, కంటికి కనబడవు. మెషినింగ్‌కి వెళ్లాక పై పొర చెక్కగానే బయటపడ్డాయి. సరుకంతా వెనక్కి వచ్చింది. విచారణలో నన్ను అడిగారు. బుజ్జమ్మా, నేను ‘మౌల్డింగ్‌లో లోపం’, అంటే అచ్చులు కట్టడంలో తప్పు, అన్నాను. అబద్ధం కాదు, ఇసుక మౌల్డింగ్ వాళ్లదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన వచ్చి హెచ్చరించిన సంగతి చెప్పలేదు. ఆయనా చెప్పలేదు, చెప్పినా వినేవాళ్లు లేరని తెలుసు కాబట్టి. ఆ పొంగలుకి ఫ్యాక్టరీలో అందరికీ బోనస్ వచ్చింది, ఆయనకి కోసేశారు. ఆయనకి పెళ్లికెదిగిన కూతురుంది.

ఎనిమిది నెలలు ఆయన ఎదురొస్తే తల తిప్పుకుని నడిచాను. ఆఖరికి మేనేజర్ దగ్గరికెళ్లి జరిగింది చెప్పాను. అయిపోయినదాన్ని తవ్వొద్దన్నారు. అప్పుడు మేస్త్రి దగ్గరికే వెళ్లాను. చెప్పడం మొదలుపెట్టగానే ‘తెలుసు సారూ’ అన్నాడు. నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. వంగి గుప్పెడు ఇసుక తీసి నా చేతిలో పెట్టి, ‘పిసకండి’ అన్నాడు. పిసికాను. ‘ఇది సరైన చెమ్మ. గుర్తు పెట్టుకోండి’ అన్నాడు. ఆ వానాకాలమంతా రోజూ సాయంత్రం నాకు ఇసుక నేర్పాడు. నా ప్రోగ్రాంలోకి చెమ్మ తిరిగి వచ్చింది, షిఫ్టుకి మూడుసార్లు కొలిచి. ఆయన బోనస్ మాత్రం తిరిగి రాలేదు.

నా తప్పులకి మీ పుస్తకాల్లో ఇప్పుడు పేర్లున్నాయి. టెస్ట్ డేటా, అంటే పరీక్షకి వాడే లెక్కలు, విడిగా ఉంచాలని మొదట్లోనే చెప్తారు, పరీక్షలో నీకు ఫుల్ మార్కులొస్తాయి. నా భయం దాని గురించి కాదు. రేపు నువ్వు రాసిన ప్రోగ్రాం ఎవరికో లోన్ వద్దంటుంది, ఎవరి స్కాన్‌నో బాగుందంటుంది. ఎవరో ఒకరు చెయ్యి చాచి నీ గదిలోకొస్తారు. అప్పుడు నువ్వు స్క్రీన్ వైపు చూస్తావా, ఆ చేతి వైపు చూస్తావా? ఏ డేటా ఇచ్చినా, ఇది ఏ నెలల్లో ఎక్కడ రాశారు, ఎవరు రాశారు, ఇందులో వానాకాలం ఉందా అని అడుగు. సార్లు విసుక్కున్నా అడుగు. ఫ్యాక్టరీదైతే ఫ్యాక్టరీకి వెళ్లు, ఆస్పత్రిదైతే నర్సులతో మాట్లాడు. తప్పు జరిగితే ఆ రోజే నోరు విప్పు. ఎనిమిది నెలలు ఆగకు.

మీ అమ్మమ్మ ఫోన్‌తో మాట్లాడితే దానికి సగం అర్థం కాదు, తెలుసు కదా. ‘యాడికి పోతుండావు’ అంటే ఇంకేదో రాస్తుంది. ఆమె లాంటి వాళ్ల మాట దానికి నేర్పినవాళ్లు తక్కువ. ఐఐటీ మద్రాసులోనే ఏఐ ఫర్ భారత్ అని మన భాషల మీద పనిచేసే ల్యాబ్ ఉంది. వచ్చాక ఒకసారి వాళ్ల పని చూడు. నెల్లూరు మాట నీకంటే బాగా ఎవరికి తెలుసు?

హాస్టల్ సంగతి. గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. ఎంత తక్కువ అద్దెకిచ్చినా వద్దు. 2015 డిసెంబరు ఒకటి రాత్రి అడయారు పొంగి జనం డాబాల మీద కూర్చున్నప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. రెండు రోజులు మీ అమ్మ ఫోన్ నాకు కలవలేదు. వేళచ్చేరి వైపు గది చూస్తే, ఆ ఏడాది నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇంటివాళ్లను అడుగు, గోడ మీద చెయ్యి పెట్టి చూపించమను. నువ్వు నవ్వుకుంటావని తెలుసు. అయినా అడుగు. వానాకాలం సెలవిస్తే హాస్టల్‌లో ఉండిపోకుండా నేరుగా మా ఇంటికొచ్చెయ్.

మీ మద్రాసు అమ్మమ్మ అప్పుడే ముందు గది ఖాళీ చేయిస్తోంది. నా పాత బీరువాలో ఆ 1988 నోట్‌బుక్ ఉంది, చెమ్మ వరస మీద అడ్డంగా కొట్టేసిన గీతతో సహా. నీకిస్తాను. పినాకినికి టికెట్ తీసుకుని చెప్పు, సెంట్రల్‌కి నేనొస్తాను. ఆ మూడు అంకెల లెక్క చేసిన కాగితం చేత్తో పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
మద్రాసు తాతయ్య