రాళ్లూ రాతలూ: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా మనవలిద్దరూ బెంగళూరులో పుట్టి పెరిగారు. దసరా సెలవులకు గుంటూరు వస్తున్నారు. తిరుపతి, అరకు ఇదివరకే చూశారు. "హంపీ లాంటిది మన ఆంధ్రలో ఏముంది అమ్మమ్మా?" అని పెద్దవాడు ఫోనులో అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేలా, మూడు రోజుల్లో వాళ్లకు ఏమేం చూపించమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, హంపీలో శిథిలాలు నిలబడి తమ కథ తామే చెప్పుకుంటాయి. కృష్ణ ఒడ్డున మన కథ చాలావరకు నేలమట్టమై ఉంది కాబట్టి, దాన్ని పక్కన నిలబడి ఎవరో ఒకరు చెప్పాలి. పాఠం చెప్పడం వృత్తిగా బతికిన మీకంటే ఆ పనికి తగినవారు లేరు.

మొదటి రోజు అమరావతికి కేటాయించండి. అక్కడ నేరుగా స్తూపం దగ్గరికి వెళ్తే పిల్లలకు సుమారు 50 మీటర్ల వెడల్పున గుండ్రటి ఇటుక దిబ్బ, చుట్టూ కొన్ని రాతి స్తంభాలు తప్ప ఏమీ కనిపించవు, నిరుత్సాహపడతారు. అందుకని ముందుగా పురావస్తు శాఖ మ్యూజియానికి తీసుకెళ్లండి. శుక్రవారం దానికి సెలవు అని గుర్తుంచుకోండి. అక్కడి పలకల్లో స్తూపం బొమ్మనే చెక్కిన పలక ఒకదాన్ని వెతికి, దాని ముందు తీరిగ్గా నిలబడండి. పల్నాటి సున్నపురాయి మీద అండం (స్తూపపు గుండ్రటి గుమ్మటం), దాని చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ద్వారానికి ఎదురుగా వరుసగా అయిదు స్తంభాలు కనిపిస్తాయి. ఆ అయిదింటినీ ఆయక స్తంభాలంటారు. బుద్ధుడి జననం, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి ప్రబోధం, నిర్యాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులు. పాత పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ సింహాసనమో, పాదముద్రలో, బోధివృక్షమో ఆయనకు బదులు నిలుస్తాయి. "ఇందులో బుద్ధుడు ఎక్కడున్నాడో కనుక్కోండి" అని పిల్లలను అడిగి చూడండి. ఆ తర్వాత దిబ్బ దగ్గరికి వెళితే, లేనిదాన్ని కూడా వాళ్లు చూడగలుగుతారు.

మరి ఆ పలకలన్నీ ఏమయ్యాయని వాళ్లు తప్పక అడుగుతారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ మొదటిసారి వచ్చేనాటికే, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్తగా కట్టిస్తున్న ఊరికి ఆ దిబ్బ నుంచి రాళ్లు తరలుతున్నాయి. మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు కొన్నేళ్లపాటు ఎండకూ వానకూ బయటే పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. వాటిని నేడు బ్రిటిష్ మ్యూజియంలో చూడాలి. మదపుటేనుగు నళగిరిని బుద్ధుడు శాంతింపజేసే ప్రసిద్ధ శిల్పం మాత్రం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఈ నష్టాన్ని జమీందారు ఒక్కరి నెత్తిన రుద్దడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ దిబ్బ ఏమిటో తెలిసినవారు ఆనాడు ఈ ప్రాంతంలో ఎవరూ లేరు. మధ్యాహ్నం అమరేశ్వరుణ్ణి దర్శించుకోండి. పంచారామాల్లో ఒకటైన ఆ గుడిలో లింగం ఎంత ఎత్తంటే, అర్చకులు పై అంతస్తుకు ఎక్కి అభిషేకం చేస్తారు.

రెండో రోజు పొద్దునే ఉండవల్లి. కొండను పైనుంచి కిందికి నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహాలయం అది. మెట్లెక్కి చీకటి గదిలోకి అడుగుపెట్టాక, కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. అదే కొండరాతిలో, అయిదు మీటర్లకు పైబడిన పొడవున పవళించిన అనంతపద్మనాభుడు మెల్లమెల్లగా పాదాల నుంచి శిరస్సు దాకా తేలి వస్తాడు. అక్కడి నుంచి మంగళగిరి దగ్గరే. కొండ మీద పానకాల స్వామి, కొండ కింద వెంకటాద్రి నాయుడే 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం. అమరావతి రాళ్ల కథ విన్న పిల్లలకు ఆయన రెండో ముఖం కూడా తెలియాలి. సాయంత్రం బెజవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూడవచ్చు. అయితే మూలా నక్షత్రం రోజున మాత్రం బెజవాడ వైపు పెట్టుకోకండి. అమ్మవారి సరస్వతీ అలంకారానికి వచ్చే జనంతో దారులన్నీ నిండిపోతాయి.

మూడో రోజు తెల్లవారుజామునే బయలుదేరి నాగార్జునకొండకు వెళ్లండి. దూరమే, కానీ వదలవద్దు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ జలాశయంలో మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని విప్పి కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి పేర్చారు. అమరావతిలో పోగొట్టుకున్నదాన్ని చూసిన కళ్లతోనే, ఇక్కడ కాపాడుకున్నదాన్ని చూడాలి.

ప్రశ్న: మొట్టమొదటి తెలుగు మాట అమరావతి రాతి మీద ఉందని మా కాలేజీలో విన్నాను. నిజమేనా? మా విజయవాడలో పాత తెలుగు శాసనం ఏదైనా ఉందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: మీరు విన్న మాట "నాగబు". దాన్ని తెలుగు పదంగా గుర్తించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు. విరిగిన రాతిముక్క మీది మాట కావడం వల్ల, దాన్ని పూర్తి పదంగా చదవవచ్చునా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. వాక్యాలతో సాగే తెలుగు శాసనం కావాలంటే కడప జిల్లా కలమళ్లకు వెళ్లాలి. రేనాటి చోళుడు ధనంజయుడి కాలపు ఆ శాసనాన్ని క్రీ.శ. 575 నాటిదిగా లెక్కిస్తారు.

ఇక మీ ఊరి సంగతి. చాళుక్య యుద్ధమల్లుడు పదో శతాబ్ది పూర్వార్ధంలో వేయించిన బెజవాడ శాసనం తెలుగు సాహిత్య చరిత్రలో ఎంతో విలువైనది. బెజవాడలో కుమారస్వామికి గుడి కట్టించిన సంగతిని అది మధ్యాక్కర పద్యాల్లో చెబుతుంది. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టడానికి దాదాపు నూరేళ్ల ముందే, యతినీ ప్రాసనూ పాటిస్తూ తెలుగు పద్యం ఇంద్రకీలాద్రి నీడలో రాతికెక్కింది. మధ్యాక్కర నన్నయ చేతిలో కూడా వాడబడిన దేశి ఛందస్సు. ఆయన కొత్తగా బాట వేయలేదు, ఉన్న బాటను రాజమార్గం చేశాడు. శాసన పాఠం సంపాదించి గట్టిగా చదవండి. మొదట మాటలు అందకపోయినా, మూడోసారికి నడక పట్టుబడుతుంది.

ప్రశ్న: సంక్రాంతి బొమ్మల కొలువుకు కొండపల్లి బొమ్మలు కొనాలనుకుంటున్నాము. అసలైనవాటిని ఎలా గుర్తుపట్టాలి?
– ఒక గృహిణి, భవానీపురం, విజయవాడ

సమాధానం: చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది, తెల్లపొణికి కర్ర అంత తేలిక. తడి పోయేలా ఆ కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి, తల, చేతులు, మొండెం వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. ఒకే అచ్చులో పోసినట్టు అతుకు జాడే లేకుండా, బరువుగా ఉంటే అది పొణికి బొమ్మ కాదు. వీలైతే కొండపల్లికే వెళ్లి బొమ్మల కాలనీలో కొనండి. పొణికి చెట్లు తగ్గిపోయి కర్ర దొరకడమే కష్టమైన ఈ రోజుల్లో, దశావతారాల వరుసకో, అంబారీ ఏనుగుకో వాళ్లు చెప్పిన ధర ఇచ్చేయండి, బేరం ఆడకండి.